వానలకు ముందే వేళ్లు చూసుకోండి: గోళ్లు, వేలికొసల గాయాలకు జాగ్రత్తలు

చెన్నైలో వేళ్లకు కష్టకాలం ఆయుధ పూజ ముందు రోజుల్లో మొదలై కార్తీకం వెళ్లేదాకా ఉంటుంది. ముందు చేతి వేళ్లు, ఆ తర్వాత కాలి వేళ్లు. పూజ కోసం వర్క్‌షాపుల్లో మెషిన్లు, ఇంటి ముందు బండ్లు, వంటింట్లో గ్రైండర్లు తోముతాం. ఆ పని అవుతుండగానే, అక్టోబరు రెండో సగంలో ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. ఇక డిసెంబరు దాకా తడి బూట్లు, మురికి నీళ్లు తప్పవు.

అంబత్తూరు వైపు ఒక క్లినిక్‌లో కట్లు కట్టే పని నాది. నెల్లూరు, చిత్తూరు, శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు చాలామంది మా దగ్గరికి వస్తారు. గోరే కదా, తగ్గిపోతుందిలే అని ఇంట్లోనే ఏదో ఒకటి పూసి, రెండు మూడు రోజులు గడిచాక వస్తారు. అప్పటికి చిన్న గాయం పెద్దదై కూర్చుంటుంది. అది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అందులో చాలావరకు తప్పించుకోగలిగిందే.

తోమేటప్పుడు

బైక్ చెయిన్ సంగతి ముందు చెప్పాలి. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆన్ చేసి, గేరులో పెట్టేస్తారు. చక్రం దానంతటదే తిరుగుతుంటుంది, చెయిన్‌కి గుడ్డ ఆనించి పట్టుకుంటే చాలు, రెండు నిమిషాల్లో మెరిసిపోతుంది. కానీ ఆ గుడ్డ కొస ఒక్క పోగు చెయిన్‌లో చిక్కుకుందంటే, గుడ్డ వెనకాలే వేలు కూడా పళ్లచక్రంలోకి వెళ్లిపోతుంది. చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. అందుకే ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. న్యూట్రల్‌లో పెట్టి, పొడవాటి పిడి ఉన్న బ్రష్‌తో కొంత మేర తోమండి. బ్రష్ పక్కన పెట్టి, టైరు పట్టుకుని చక్రం తిప్పి, అది పూర్తిగా ఆగాక మళ్లీ తోమండి. ఒకళ్లు చక్రం తిప్పుతుంటే ఇంకొకళ్లు తుడవడం అసలు వద్దు. పిల్లల్ని ఆ పనికి కూర్చోబెట్టడం అంతకన్నా వద్దు.

గ్రైండర్, మిక్సీ కడిగేటప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకేయాలి. వర్క్‌షాపులో అయితే మెయిన్ ఆఫ్ చేసి, ఎవరూ మళ్లీ వెయ్యకుండా తాళం వేయించండి. పవర్ ప్రెస్‌కి (లోహపు రేకుల్ని నొక్కి కోసే మెషిన్) రెండు చేతులతో నొక్కాల్సిన బటన్లు ఉంటాయి. పని త్వరగా సాగాలని అందులో ఒకదాన్ని టేపు వేసి నొక్కి ఉంచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలాంటి మెషిన్ మీద కూర్చోనని చెప్పే హక్కు మీకుంది, చెప్పండి. ఇంకో మాట: తిరిగే డ్రిల్లు, లేత్ దగ్గర గుడ్డ గ్లౌజులు రక్షణ కాదు, చేతిని లోపలికి లాగేవి అవే. ఉంగరాలు కూడా తీసేయండి.

ఇంట్లో తలుపుల సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. వానగాలి మొదలయ్యాక తలుపులు దబదబా కొట్టుకుంటాయి. కీళ్ల వైపు సందులో వేలు పెట్టిన పిల్లాడి వేలికొస చితికిపోతుంది. తలుపులకు స్టాపర్లు ఇప్పుడే పెట్టించండి.

వేలు నలిగినా, తెగినా

ముందు ఉంగరం ఉంటే తీసేయండి, వాచిపోయాక రాదు. శుభ్రమైన నీళ్లు ధారగా పోసి కడిగి, శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చెయ్యి గుండె కంటే పైకి ఎత్తి పట్టుకోండి. పది నిమిషాలు మధ్యలో తీసి చూడకుండా అదిమితే వేలికొస రక్తం చాలావరకు ఆగిపోతుంది. వేలి మొదట్లో దారం, రబ్బరు బ్యాండు బిగించొద్దు. రక్తం అందక మిగిలిన వేలు కూడా పాడవుతుంది.

కాఫీ పొడి గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ఈ ఊళ్లో ప్రతి ఇంట్లో ఫిల్టర్ కాఫీ పొడి ఉంటుంది, తెగిన వేలికి ముందు గుర్తొచ్చేది అదే. పసుపు, పంచదార, కిరోసిన్ పూసేవాళ్లూ ఉన్నారు. గోరు కింద మెత్తటి కండలో ఇరుక్కున్న ఆ పొడిని ఒక్కో రవ్వా తీయాలంటే మత్తు ఇంజెక్షన్ చేశాక కూడా చాలాసేపు పడుతుంది. అంతా తీయకపోతే చీము పడుతుంది. నీళ్లు, గుడ్డ, అంతే. ఇంకేమీ వద్దు.

వేలికొస తెగి విడిపోతే, ఆ ముక్కను పారేయొద్దు. మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గాజ్ గుడ్డలో (కట్లు కట్టే పలచటి గుడ్డ) చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టేయండి. ఆ కవర్ని ఐస్ వేసిన నీళ్ల గిన్నెలో పెట్టుకుని రండి. ముక్క నేరుగా ఐస్‌కి తగలకూడదు, తగిలితే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. ఊడిన గోరు దొరికితే అదీ తీసుకురండి. గోరు కింద చిరిగిన కండను సన్నటి, కరిగిపోయే దారంతో కుట్టి, దానిమీద ఆ గోరునే మూతలా పెట్టే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. అయితే డాక్టర్ గోరు తిరిగి పెట్టలేదని టెన్షన్ పడొద్దు. బ్రిటన్‌లో పిల్లల మీద చేసి 2023లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, గోరు పెట్టినా పెట్టకపోయినా ఇన్ఫెక్షన్‌లోనూ, తర్వాత వచ్చిన గోరు అందంలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

గోరు కింద నల్లగా రక్తం చేరి సలిపితే, మొదటి ఒకటి రెండు రోజుల్లో క్లినిక్‌లో గోరుకు చిన్న రంధ్రం పెట్టి ఆ రక్తం వదిలేస్తారు. ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. అదే పని ఇంట్లో పిన్నీసు కాల్చి చెయ్యకండి. కింద ఎముక విరిగి ఉంటే ఆ రంధ్రంలోంచి ఇన్ఫెక్షన్ ఎముకకే చేరుతుంది. అందుకే ముందు ఎక్స్‌రే. పిల్లల్లో ఇంకా జాగ్రత్త కావాలి. గోరు మొదలు చర్మం కిందనుంచి బయటికి లేచి, వేలు కొస కాస్త వంగినట్టు కనిపిస్తే, పెరిగే ఎముక దగ్గర విరిగి ఉండొచ్చు. పైకి గోరు లేచినట్టే ఉంటుంది కాబట్టి కట్టు కట్టి పంపేసే ప్రమాదం ఉంది. ఎక్స్‌రే తీయమని మీరే అడగండి.

కొస కండ కొంచెం పోయి ఎముక కనిపించకపోతే, చాలాసార్లు కుట్లు కూడా అక్కర్లేదు. తడి ఆరని డ్రెస్సింగ్‌లతో కొన్ని వారాల్లో కండ దానంతటదే నిండుతుంది, పిల్లల్లో అయితే ఆశ్చర్యపోయేంత బాగా. ఎముక బయటపడితే పక్కనున్న కండను, చర్మాన్ని జరిపి కప్పుతారు. ఈ విషయంలో చెన్నై పేరు ప్రపంచమంతా తెలుసు. స్టాన్లీ ఆసుపత్రి చేతి శస్త్రచికిత్స విభాగానికి చెందిన ప్రొఫెసర్ ఆర్. వెంకటస్వామి, సుబ్రమణియన్‌తో కలిసి, ఏటవాలుగా తెగిన వేలికొసను త్రికోణంగా కోసిన చర్మం జరిపి కప్పే పద్ధతిని 1980లో ప్రచురించారు. వేలికొస పెద్దగా పోయినప్పుడు ఆ ఆసుపత్రి చేతి విభాగం ఉందని గుర్తుంచుకోండి. 108కి ఫోన్ చేసినప్పుడు వేలు తెగిందని స్పష్టంగా చెప్పండి.

పనిలో దెబ్బ తగిలితే ప్రమాద రిపోర్టు అదే రోజు రాయించుకోండి. ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉంటే అయనావరం, కేకే నగర్ ఆసుపత్రులున్నాయి. వేలికొస మాత్రమే పోయినా చట్టంలోని నష్టపరిహార పట్టికలో దానికి లెక్క ఉంది. 'కొసే కదా' అని సూపర్‌వైజర్ అంటే వినకండి.

గ్రీజు గన్, పెయింట్ స్ప్రే గన్ వేలికి తగిలి సూది గుచ్చినంత రంధ్రం మాత్రమే కనిపించినా, నొప్పి లేకపోయినా, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఒత్తిడితో లోపలికి దూసుకెళ్లిన గ్రీజు, పెయింట్ వేలు లోపల చేసే నష్టం పైకి కనిపించదు.

కాలి బొటనవేలి గోరు

వానలకు ముందు కాలి గోళ్లు కత్తిరించేటప్పుడు నెమ్మదిగా చెయ్యండి. గోరు మూలల్ని గుండ్రంగా లోతుగా తీసేయడం చాలామందికి అలవాటు. అలా తీసినప్పుడు చివర కట్టర్‌కి అందని చిన్న ముల్లు ఒకటి చర్మం మడత కింద మిగులుతుంది. గోరు పెరిగేకొద్దీ అది కండలోకి దిగుతుంది. తడి సాక్సులో చర్మం నాని మెత్తబడితే ఇంకా తేలిగ్గా దిగుతుంది. అందుకే నేరుగా కత్తిరించండి, మూలలు కండ బయటికి కనిపించేలా వదిలేయండి, పదునుగా ఉంటే ఫైలుతో అరగదీయండి, అంతే. పిల్లలకు కిందటి జూన్‌లో కొన్న స్కూలు బూట్లు ఇప్పటికి బిగుతైపోయి ఉంటాయి. వేళ్లు లోపల కదులుతున్నాయో లేదో చూడండి. ఈ బాధ ఎక్కువగా పడేది కుర్రాళ్లే.

గోరు మూల ఎర్రగా మారి తాకితే నొప్పిగా ఉంటే, గోరువెచ్చని నీళ్లలో పది, పదిహేను నిమిషాలు రోజుకు రెండు మూడు సార్లు పాదం ఉంచి, బాగా తుడిచి ఆరబెట్టండి. మెత్తబడిన గోరు మూల కింద చిన్న దూది పోగు పెట్టొచ్చు. మడతను టేపుతో గోరుకు దూరంగా లాగి అంటించినా సుఖంగా ఉంటుంది. అది తగ్గకముందే మళ్లీ తడి బూటులో దూర్చడం గోరుచుట్టు మీద రోకటిపోటే. చీము కనిపించినా, మూలన ఎర్రటి మెత్తని కండ పెరిగినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వేలికి మత్తు ఇచ్చి, గుచ్చుకుంటున్న ఆ అంచు వరకే గోరు తీసి, దాని మొదట్లో ఫీనాల్ (గోరు మొలిచే చోటును మాడ్చే మందు) పెడతారు. ఆ అంచు మళ్లీ మొలవడం చాలా తగ్గిపోతుంది. గోరంతా పీకించుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు. షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు ఇంట్లో ఏ ప్రయత్నమూ చెయ్యొద్దు, మొదటి రోజే వెళ్లండి.

చేతికి గోరుచుట్టు వస్తే నిమ్మకాయ తొడిగే పద్ధతి మన అమ్మమ్మల కాలం నుంచి ఉంది. చల్లగా అనిపిస్తుందేమో కానీ లోపలి చీముకు అది దారి చూపించదు. చీము కనిపిస్తే కోసి వదిలించుకోవాల్సిందే.

నీళ్లు నిలిచిన వేళచ్చేరి, పుళియంతోపు వీధుల్లో బూట్లు చేతబట్టుకుని వట్టి కాళ్లతో నడవకండి. రాళ్లు, మ్యాన్‌హోల్ అంచులు కనిపించవు, గోరు లేచిపోతుంది. ఎలుకల మూత్రం కలిసిన ఆ నీటి నుంచి తెగిన చర్మం ద్వారా లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) సోకుతుంది. ఇంటికి రాగానే సబ్బుతో కడగండి. ఒకటి రెండు వారాల తర్వాత జ్వరం, పిక్కల నొప్పులు వస్తే డాక్టర్‌తో నీళ్లలో నడిచిన సంగతి చెప్పండి. ధనుర్వాతం టీకా వేయించుకుని ఐదేళ్లు దాటితే, మురికి గాయానికి మళ్లీ వేయించుకోవాలి.

కట్టు కట్టాక వేలు తడపొద్దు. కానీ మిగతా కీళ్లు రోజూ కదిలిస్తూ ఉండాలి, లేకపోతే బిగుసుకుపోతాయి. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొత్తం రావడానికి ఆరు నెలలు. కాలి బొటనవేలి గోరుకు ఏడాది నుంచి ఏడాదిన్నర. మొదట గరుకుగా, గట్లుగట్లుగా వస్తుంది, చలికి కొస జివ్వుమంటుంది, కొన్ని నెలల్లో నెమ్మదిస్తుంది. కానీ నొప్పి తగ్గాల్సింది పోయి రోజురోజుకూ ఎక్కువైనా, వేలి నుంచి చెయ్యి మీదికి ఎర్రటి చార పాకినా, జ్వరం వచ్చినా, కట్టు మార్చే తేదీ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లండి.