‘సీపీయూ పోయింది’ అంటే ఏది పోయినట్లు?

మానిటర్ పక్కన నిలబెట్టిన ఇనుప డబ్బాను మన ఇళ్లలో అందరూ సీపీయూ అంటారు. అది సీపీయూ కాదు, క్యాబినెట్. అసలు సీపీయూ ఆ డబ్బా లోపల, భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు అనే పెద్ద పలక మీద, ఒక ఫ్యాన్ కింద దాగి ఉండే చిన్న చదరపు చిప్. దాని వెడల్పు నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ప్రాసెసర్ అన్నా అదే.

ఈ తేడా తెలియకపోతే డబ్బు పోతుంది. మా వీధిలో ఉద్యోగ విరమణ చేసిన తెలుగు మాస్టారు ఒకరున్నారు. ఒకరోజు ఆయన కంప్యూటర్ ఆన్ కాలేదు. దుకాణానికి ఫోను చేసి ‘సీపీయూ పనిచేయడం లేదు’ అన్నారు. వాళ్లు కొత్త ప్రాసెసర్‌కూ దానికి సరిపడే మదర్‌బోర్డుకూ కలిపి లెక్క చెప్పేశారు. నేను వెళ్లి చూస్తే క్యాబినెట్ వెనుక కరెంటు తీగ సగం ఊడి ఉంది. గది ఊడ్చేటప్పుడు చీపురు తగిలినట్లుంది. తీగ లోపలికి నొక్కగానే కంప్యూటర్ లేచి కూర్చుంది.

కంప్యూటర్ భాగాల పేర్లను వరసగా బట్టీ పడితే వారం తిరక్కుండా మరిచిపోతాం. ఏ భాగం చెడితే ఏ లక్షణం కనబడుతుందో చూస్తే మాత్రం పేరు మనసులో నిలుస్తుంది. అందుకే ఇక్కడ లక్షణం నుంచి మొదలుపెడుతున్నాను.

బటన్ నొక్కినా చలనం లేదు

ఫ్యాన్ తిరగదు, దీపం వెలగదు. అంటే లోపలికి కరెంటే అందడం లేదు. ముందు గోడ ప్లగ్గులో ఫోను ఛార్జర్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. తర్వాత యూపీఎస్, ఆ తర్వాత తీగ రెండు కొసలూ. క్యాబినెట్ వెనుక, తీగ దూర్చే చోటుకు పక్కనే చిన్న స్విచ్ ఉండవచ్చు. అది సున్నా గుర్తు వైపు ఉంటే ఆఫ్‌లో ఉన్నట్లు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదికి పోతుంది. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి మదర్‌బోర్డుకూ డిస్కులకూ పంచే పెట్టె అది. ఎస్‌ఎంపీఎస్‌ను మార్చవచ్చు కానీ మీరుగా ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లలో షాక్ కొట్టేంత విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది.

ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది

తెర మీద ‘నో సిగ్నల్’ అని కనిపిస్తే మానిటర్ బాగానే ఉన్నట్లు. దానికి బొమ్మ అందడం లేదు, అంతే. కేబుల్ ఊడదీసి మళ్లీ బిగించండి. తెరకు బొమ్మను తయారుచేసి పంపే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్న కంప్యూటర్‌లో కేబుల్‌ను ఆ కార్డుకే పెట్టాలి. మదర్‌బోర్డు మీద ఉన్న అలాంటి రంధ్రంలోనే పెట్టి కార్డు పాడైందని బెంగపడేవాళ్లను చాలామందిని చూశాను.

కేబుల్ తప్పు కాకపోతే, ముఖ్యంగా బీప్ బీప్ అని వినిపిస్తుంటే, ముందు ర్యామ్‌ను చూడాలి. మదర్‌బోర్డు మీద నిలువుగా గుచ్చి ఉండే పొడవాటి సన్నని పట్టీయే ర్యామ్. మన గాలిలోని తేమకూ దుమ్ముకూ దాని అంచున ఉన్న బంగారు పూత గీతలు మసకబారుతాయి. అప్పుడు అది సరిగ్గా అంటుకోదు.

పద్ధతి ఇది. ప్లగ్గు పూర్తిగా తీసేయండి. పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. ఒంటి మీద ఉన్న స్థిర విద్యుత్తు చిప్పులను పాడుచేయకుండా ఉండడానికే ఇది. స్లాటు చివర ఉన్న క్లిప్పును వెనక్కి నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో ఆ బంగారు గీతలను రెండు వైపులా మెల్లగా రుద్ది, రాలిన రబ్బరు పొడిని మెత్తని బట్టతో తుడవండి. మళ్లీ పెట్టేటప్పుడు ర్యామ్ అంచున ఉన్న గాటు స్లాటులోని గట్టుకు ఎదురుగా రావాలి. రెండు కొసల మీద సమంగా నొక్కితే ‘టక్’ మని క్లిప్పు పడుతుంది. ఆ చప్పుడు వినిపించకపోతే సరిగ్గా కూర్చోలేదన్నమాట. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. చెడిపోయినది ఏదో తెలిసిపోతుంది.

కొత్తది కొనవలసి వస్తే పాతదాని మీద డీడీఆర్3 అని ఉందో డీడీఆర్4 అని ఉందో చూసుకుని వెళ్లండి. రెండింటి గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకదాని స్లాటులో మరొకటి పట్టదు.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది

చాలామంది తేదీని సరిచేసుకుని ఊరుకుంటారు. మర్నాటికి మళ్లీ అదే. దీనితో పాటు ఇంకో వింత జరుగుతుంది. బ్యాంకు సైటు తెరవబోతే ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని బ్రౌజర్ అడ్డుపడుతుంది. మనం వైరస్ అనుకుని హడలిపోతాం.

రెండింటికీ కారణం మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ. రూపాయి బిళ్లలా ఉండే దీన్ని సీమాస్ బ్యాటరీ అంటారు. కంప్యూటర్ ఆపేసి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపించేది ఇదే. ప్రతి సురక్షిత వెబ్‌సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లుతుందని గడువు ఉంటుంది. మన గడియారం ఆ గడువుకు ముందటి తేదీ చూపిస్తుంటే బ్రౌజర్ దాన్ని చెల్లని సర్టిఫికెట్‌గా లెక్కవేస్తుంది. సాధారణంగా వాడేది 3 వోల్టుల సీఆర్ 2032 రకం బ్యాటరీ. గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. ప్లగ్గు తీసి, కొత్తది ప్లస్ గుర్తు పైకి కనిపించేలా పెట్టి, తేదీ సరిచేస్తే పని పూర్తయినట్లే.

కాసేపు పనిచేసి తనంతట తానే ఆగిపోతోంది

పది నిమిషాలు బాగా నడిచి టక్కున ఆరిపోతుంటే ప్రాసెసర్ వేడెక్కుతోందేమో చూడాలి. హద్దు దాటి వేడెక్కినప్పుడు కాలిపోకుండా కంప్యూటరే ఆగిపోతుంది. మూత తీస్తే ప్రాసెసర్ ఫ్యాన్ కింద దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ రెక్కలను వేలితో కదలకుండా పట్టుకుని బ్రష్షుతో దులపండి. దుమ్ము లేకపోయినా వేడెక్కుతుంటే ప్రాసెసర్ వేడిని పైకి లాగడానికి దాని మీద పూసిన థర్మల్ పేస్ట్ అనే ముద్ద ఎండిపోయి ఉండవచ్చు.

నత్తనడక

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సీపీయూ, మెమరీ, డిస్క్ అని మూడు అంకెలు కనిపిస్తాయి. ఏది నూరు శాతం దగ్గర ఆగిపోయిందో అక్కడే ముడి ఉంది.

మెమరీ అంటే ర్యామ్. ‘మా కంప్యూటర్ మెమరీ 500 జీబీ’ అనేవాళ్లు చెప్పేది నిల్వ సంగతి. వంటగట్టునూ అటకనూ తలచుకోండి. వండుతున్నప్పుడు చేతికి అందేలా గట్టు మీద పెట్టుకున్నవన్నీ ర్యామ్‌లో ఉన్నట్లు. అటక మీద దాచినవి డిస్కులో ఉన్నట్లు. గట్టు ఇరుకైతే ప్రతి గిన్నె కోసం అటక ఎక్కి దిగాల్సిందే. 4 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్‌లో ఇరవై పేజీలు తెరిస్తే జరిగేది ఇదే. పేజీలు మూసేయడం తక్షణ ఉపాయం, ర్యామ్ పెంచడం శాశ్వత ఉపాయం.

ఏమీ తెరవకుండానే డిస్క్ నూరు శాతం చూపిస్తుంటే మీది బహుశా పాత తరహా హార్డ్‌డిస్క్. లోపల పళ్లెం నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటే చిన్న ముల్లు అటూ ఇటూ కదిలి సమాచారం చదువుతుంది. దాని బదులు వాడే, చిప్పులలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే ఉండదు. పాత కంప్యూటర్‌కు ఒకే ఒక్క ఖర్చు పెట్టగలిగితే ఎస్‌ఎస్‌డీకే పెట్టమంటాను. హార్డ్‌డిస్క్ టిక్కు టిక్కుమని శబ్దం చేస్తుంటే మాత్రం వేగం మాట పక్కన పెట్టి, ఆ క్షణమే ఫోటోలు, కాగితాలు వేరే చోటికి కాపీ చేసుకోండి.

తెలుగు అక్షరాల చోట డబ్బాలు, లేదా అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు

ఈ రెండూ ఒకే జబ్బు కాదు. డబ్బాలు కనిపిస్తే ఫైల్‌లో ఉన్నది బహుశా మంచి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) తెలుగే, దాన్ని చూపించే ఫాంట్ లేదు. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఫాంట్‌కు మారిస్తే అక్షరాలు తేరుకుంటాయి.

ఇంగ్లిషు గజిబిజి కనిపిస్తే కథ వేరు. అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చేవి. ఆ ఫాంట్ ఉన్నంతవరకు తెలుగులా కనిపిస్తుంది, లేకపోతే లోపలి ఇంగ్లిషు బయటపడుతుంది. మాస్టారి కంద పద్యాలకు ఇదే జరిగింది. కొత్తగా విండోస్ వేయించాక ఫైళ్లు తెరిచి ‘అన్నీ చెడిపోయాయి నాయనా’ అని కూలబడ్డారు. ఏ అక్షరమూ పోలేదు. ముందు పాత ఫాంట్ తిరిగి వేశాం, తర్వాత ఒక కన్వర్టర్‌తో అన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చుకున్నాం. ఒత్తులు కొన్ని తారుమారయ్యాయి. వాటిని ఆయనే కూర్చుని దిద్దుకున్నారు.

స్పీకర్ పలకదు, ప్రింటర్ కదలదు

తీగలు బాగుంటే డ్రైవర్‌ను అనుమానించండి. విండోస్‌కూ పరికరానికీ మధ్య దుబాసిగా ఉండే చిన్న సాఫ్ట్‌వేర్ అది. విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో పరికరం పేరు పక్కన పసుపు త్రికోణం ఉంటే దుబాసికి ఇబ్బంది వచ్చిందని గుర్తు. తయారీదారు సొంత సైటు నుంచే డ్రైవర్ దించుకోండి.

వైఫై ఉంది, నెట్ లేదు

చాలా ఇళ్లలో వైఫై అన్నా ఇంటర్నెట్ అన్నా ఒకటే. నిజానికి వైఫై అంటే మీ ఫోనుకూ రౌటర్‌కూ మధ్య ఉన్న గాలిదారి మాత్రమే. రౌటర్ దాటాక ఉండేదే ఇంటర్నెట్. కాబట్టి వైఫై గుర్తు నిండుగా ఉన్నా నెట్ లేకపోవచ్చు.

ముందు ఫైబర్ పెట్టె మీది దీపాలు చూడండి. ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంటే బయటి నుంచి కాంతి సంకేతం రావడం లేదు. సన్నని ఫైబర్ తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూసి సరిచేయండి. లోపల ఉన్నది గాజు పోగు, గట్టిగా వంచితే కాంతి ముందుకు సాగదు. దాని కొసను కంటికి ఎదురుగా పెట్టి చూడవద్దు. అప్పటికీ ఎర్ర దీపం ఆరకపోతే కనెక్షన్ ఇచ్చినవాళ్లు రావాల్సిందే.

దీపాలు బాగుంటే కంప్యూటర్ నెట్‌వర్క్ వివరాల్లో ఐపీ అడ్రస్ చూడండి. అది నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్ ఇంటి నంబరు. మామూలుగా రౌటర్ ఇచ్చే నంబరు చాలా ఇళ్లలో 192.168తో మొదలవుతుంది. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి జవాబు రాక కంప్యూటరే ఒక నంబరు పెట్టుకుందని అర్థం. రౌటర్‌ను ఆపి, అర నిమిషం ఆగి ఆన్ చేయండి.

నంబరు సరిగ్గా ఉన్నా సైట్లు తెరుచుకోకపోతే విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ (ping) అని, ఖాళీ వదిలి 8.8.8.8 అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. జవాబు వస్తే నెట్ ఉన్నట్లే, పేరును నంబరుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర చిక్కు. సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ చోట 8.8.8.8 లేదా 1.1.1.1 రాస్తే చాలాసార్లు దారి పడుతుంది.

వేగం తగ్గిందని గొడవ పడేముందు ఒక లెక్క. 100 ఎంబీపీఎస్‌లో ఉన్నవి మెగాబిట్లు, ఫైళ్లను కొలిచేది మెగాబైట్లలో. ఒక బైటుకు 8 బిట్లు. కాబట్టి సెకనుకు 12.5 మెగాబైట్లు దిగుతుంటే మీకు పూర్తి వేగం అందుతున్నట్లే. దూరపు గదిలోనే తగ్గుతుంటే 5 గిగాహెర్ట్జ్ వైఫైని వదిలి 2.4కు మారండి. వేగం కొంత తక్కువైనా గోడలను అదే బాగా దాటుతుంది.