మొదటి బోన్సాయ్‌కి జబ్బు చేస్తే కుండీ నుంచి మొదలుపెట్టండి

కొత్తగా బోన్సాయ్ కొన్న మిత్రులు నాకు పంపే ఫోటోలన్నీ ఆకులవే. పండిన ఆకు, రాలిన ఆకు, ముడుచుకున్న ఆకు. మందు పేరు చెప్పమంటారు. కుండీ పక్కకు వంచి అడుగుభాగం ఫోటో పంపమని నేనంటాను. రెండు మూడు అంగుళాల లోతున్న పళ్లెంలో కాపురం చేసే చెట్టుకు వచ్చే కష్టాల్లో ఎక్కువ భాగం కిందనుంచే వస్తాయి.

తెచ్చిన పది రోజులకే ఆకులు రాలుతున్నాయి

వేళ్లు దుంపల్లా ఉబ్బిన ఫైకస్ (మర్రి, రావి జాతి చెట్టు) కొన్నవారి ఫిర్యాదు ఇది. నర్సరీలో ఆకుపచ్చ నీడవల కింద రోజంతా వెలుతురు తాగిన చెట్టును మనం తెచ్చి టీవీ పక్కన పెడతాం. మారిన చోటికి తగ్గట్టు అది పాత ఆకులు వదిలేస్తుంది. ఇది జబ్బు కాదు, అలక.

సన్న కొమ్మ మీద గోటితో కాస్త గీకండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. ఉదయపు ఎండ తగిలే బాల్కనీలో ఒక చోట పెట్టి, అక్కడే వదిలేయండి. పొద్దున ఎండకు, సాయంత్రం అతిథుల కోసం హాల్లోకి మోస్తూ ఉంటే అలక తీరదు. ఆకులు తగ్గాయి కాబట్టి నీటి వాడకమూ తగ్గుతుంది, రోజూ పోయకండి. ఎరువు వద్దు. సాధారణంగా నెల తిరిగేలోపు కొత్త మొగ్గలు కనిపిస్తాయి.

రంగు పచ్చగానే ఉంది, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది

మీరు కొన్నది జునిపర్, చలి ప్రాంతాల చెట్టు. చనిపోయింది. వేళ్లు ఎండిన తరువాత కూడా వారాల తరబడి పచ్చగా కనిపించడం దాని స్వభావం. నా మొదటి చెట్టు ఇదే. అది పోయిన సంగతి తెలియక చాలా రోజులు శ్రద్ధగా నీళ్లు పోశాను. జునిపర్‌కు ఆరుబయట ఎండ కావాలి, చలికాలంలో నిద్రపోవడానికి నిజమైన చలి కావాలి. మన మైదాన ప్రాంతాల్లో ఈ రెండోది దొరకదు. పరిష్కారం లేదు, కుండీని కడిగి దాచుకోండి.

నీళ్లు పోస్తూనే ఉన్నా వాడిపోతోంది

దీని దగ్గర కాస్త ఆగాలి. ఒకే లక్షణానికి రెండు పూర్తి వ్యతిరేక కారణాలున్నాయి. ఏది అన్నది తేల్చకుండా చెయ్యి కదిపితే చెట్టును మనమే చంపుతాం.

కొబ్బరి చీపురు ఈనె ఒకటి తీసుకుని, మొదలుకు పక్కగా మట్టిలో అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలు ఉంచి తీయండి. పైన మాత్రం తడిసి కిందంతా పొడిగా వస్తే, నీరు లోపలికి దిగడం లేదు. మట్టిలో కలిపిన కొబ్బరిపొట్టు పూర్తిగా ఎండితే నీటిని వెంటనే పీల్చుకోకపోవచ్చు. పోసిన నీరు అంచుల వెంట జారి రంధ్రంలోంచి పోతుంది, మనమేమో చెట్టు తాగిందనుకుంటాం. బక్కెట్‌లో నీళ్లు నింపి, కుండీని మట్టి మునిగేదాకా దించండి. బుడగలు బుసబుసమని పైకి వస్తాయి. అవి ఆగేవరకు, అంటే పది పదిహేను నిమిషాలు ఉంచి తీయండి. ఎత్తి చూడండి, బరువులోనే తేడా తెలుస్తుంది. ఆ బరువును చేతికి గుర్తుపెట్టుకోండి. మే నెలలో పళ్లెం కుండీకి రోజుకు రెండుసార్లు నీళ్లు కావలసి రావచ్చు.

ఈనె మట్టి అంటుకుని, మురుగు వాసనతో వస్తే కథ వేరు. వేళ్లు కుళ్లుతున్నాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు, అందుకే తడిలో ఉండి కూడా ఆకు వాడుతుంది. అది చూసి ఇంకో చెంబు పోస్తాం. ఆ మధ్య పక్కింటివారి ఫైకస్ ఇలాగే వస్తే ఊడదీశాను. పైన అలంకారానికి వేసిన తెల్ల గులకరాళ్లు జిగురుతో అతికించి ఉన్నాయి, అడుగున రంధ్రానికి ప్లాస్టిక్ బిళ్ల అడ్డం ఉంది. లోపలి మట్టి హల్వాలా ముద్దగా వచ్చింది. వేరును రెండు చేతివేళ్లతో పట్టి లాగితే పైతొక్క గొట్టంలా ఊడి, లోపల దారం మిగిలింది.

అలాంటి వేళ్లన్నీ శుభ్రమైన కత్తెరతో గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించాలి. తరువాత కొత్త మట్టి. ఇటుకను కొట్టి జల్లించి, జొన్నగింజ నుంచి శనగగింజ సైజు ముక్కలు రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు కలపండి. జల్లెడ కింద పడిన ఇటుక పొడి పారేయండి, రంధ్రాలు మూసేది అదే. నాటిన చెట్టు కదలకుండా కుండీకి తీగతో కట్టి, మూడు వారాలు నీడలో ఉంచండి. జబ్బు లేని ఫైకస్‌కు మాత్రం మట్టి మార్చే పని తొలకరి దాకా ఆపండి. రెండేళ్లకోసారి, వేళ్లలో మూడో వంతుకు మించకుండా కత్తిరిస్తే సరిపోతుంది.

కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ

కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొక్కు కట్టి ఉందేమో చూడండి. బోరు నీటి ఉప్పు అది. అలాంటి నీటితో మట్టి క్షారగుణానికి తిరిగితే, ఇనుము ఉన్నా వేరుకు అందదు. వాననీరు పట్టి రెండు మూడు సార్లు ధారాళంగా పోసి మట్టిని కడగండి. ఎరువుల దుకాణంలో దొరికే చీలేటెడ్ ఇనుమును (మొక్క తేలిగ్గా తీసుకునే రూపంలోని ఇనుము) పొట్లం మీది మోతాదుకు మించకుండా చల్లండి. ఇంట్లో ఫిల్టరు వదిలేసే నీటిని మొక్కలకు పోసే పొదుపు మంచిదే కానీ, ఉప్పంతా అందులోనే చేరుతుంది. బోన్సాయ్‌కి మాత్రం అది వద్దు.

తెల్లటి దూది, చీమలు, మడిచిన ఆకులు

దూదిలా ఉన్నది పిండినల్లి. చీమలు దాని తీపి విసర్జన కోసం వస్తాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రవం కలిపి, సాయంత్రం పూట వారానికోసారి మూడు వారాలు చల్లండి. ఫైకస్ ఆకు దోసెలా మడుచుకుంటే విప్పి చూడండి. సన్నని నల్ల తామర పురుగులు పరుగెడతాయి. మడత లోపలికి మందు చేరదు, ఆ ఆకులు తుంచి సంచిలో కట్టి పారేయడమే.

కొమ్మ మీద తీగ గాట్లు

వానాకాలంలో ఫైకస్ కొమ్మ ఎంత వేగంగా లావెక్కుతుందో, వంపు కోసం దానికి లోహపు తీగ చుట్టినవారికి గుర్తుండదు. వారానికోసారి చూడాలి. కొరుక్కుపోయిన తీగను విప్పడానికి ప్రయత్నిస్తే బెరడు లేస్తుంది. ముక్కలుగా కత్తిరించి తీయండి.

ఇంకా కొననివారికి

రాజమండ్రి దగ్గరి కడియం, కడియపులంక వైపు వెళ్తే నర్సరీల వరుసలు చూసి కళ్లు తిరుగుతాయి. వంకరలు తిరిగిన అందాన్ని చూసి మోసపోకండి. కుండీ ఎత్తి రంధ్రం చూడండి. మొదలు పట్టుకుని మెల్లగా ఊపండి, వదులుగా కదిలితే నిన్న మొన్న నాటిందే. అతికించిన రాళ్లున్నది వద్దు. ఫైకస్, మర్రి, రావి, కాగితం పూలు, ఇవి మన ఎండను ఎరిగిన చెట్లు. దళసరి ఆకుల జేడ్ మొక్క అయితే నీళ్లు మరిచిపోయినా క్షమిస్తుంది.

డబ్బే పెట్టక్కర్లేదు కూడా. నా దగ్గర ఇప్పుడున్న వాటిలో అన్నిటికన్నా గట్టిది మేడ మీద పిట్టగోడ పగులులో మొలిచిన రావి మొక్క. ఒక వాన కురిసిన సాయంత్రం, వేరు తెగకుండా చెంచాతో సున్నం గీకుతూ తీయడానికి గంట పట్టింది. ఆ గోడ పగులు ఇంకా పూడ్చలేదు, మళ్లీ ఏదో మొలుస్తోంది.