చెక్క బాణానికి ములికి నిలవడం లేదా? జిగురును తిట్టే ముందు ఇవి చూడండి

ములికి ఊడిందంటే అందరం ముందు తిట్టేది జిగురునే. నేనూ అంతే. కావలిలో మా ఇంటి వెనక వరిగడ్డి మోపులు గోతాల్లో కుక్కి, వాటి మీద బాణాలు వేసేవాడిని. లాగితే ములికి గడ్డిలో ఉండిపోయి వట్టి కర్ర చేతికొచ్చేది. నాలుగు రకాల జిగుర్లు మార్చాక మా వీధి వడ్రంగి పెద్దాయన ఆ కర్ర కొన చూసి, “జిగురుదేముంది అబ్బయ్యా, చెక్కడం నువ్వు చెడగొట్టావు” అన్నాడు. కింద రాసినవాటిలో సగానికి పైగా ఆ మాట చుట్టూ తిరిగేవే. ఇవన్నీ కర్ర కొనను పెన్సిల్ మొనలా చెక్కి, బోలుగా ఉన్న ఇనప ములికిని అతికించే బాణాల గురించి.

కర్ర వచ్చింది, ములికి గడ్డిలో ఉండిపోయింది

గబగబా మళ్లీ అతికించేయకండి. ముందు ములికిని వెతికి, జిగురు ఎవరి పక్షాన ఉండిపోయిందో చూడండి.

జిగురంతా కర్రకే ఉండి ములికి లోపల తళతళలాడుతుంటే, ఇనుముకు జిడ్డు ఉందని అర్థం. తయారీలో పూసిన నూనె లోపల ఉండిపోతుంది. అగ్గిపుల్లకు దూది చుట్టి, థిన్నర్‌లోనో నెయిల్ పాలిష్ రిమూవర్‌లోనో ముంచి తిప్పండి. దూది నల్లగా రావడం మానేదాకా మార్చి మార్చి తుడవాలి. తర్వాత చిన్న సాండ్‌పేపర్ ముక్క చుట్టగా చుట్టి లోపల గరుకు చేయండి.

జిగురు ములికిలోనే ఉండి కర్ర శుభ్రంగా వస్తే తప్పు కర్ర వైపుది. ముందు వార్నిష్ వేసి తర్వాత అతికించి ఉంటారు. జిగురు వార్నిష్‌ను పట్టుకుంది, వార్నిష్ కర్రను వదిలేసింది. చెక్కిన కొనకు వార్నిష్ తగలకూడదు.

చెక్క ముక్కే విరిగి లోపల ఉండిపోతే జిగురుకు దండం పెట్టండి. అది తన పని చేసింది.

అతికించినప్పుడు గట్టిగానే ఉంది, పది బాణాలకే వదులైంది

ఇదే నా జబ్బు. బజారులో దొరికే ఈ రకం ములుకుల లోపలి వాలు సాధారణంగా ఒక్కో పక్కకు 5 డిగ్రీలు. 8 మిల్లీమీటర్ల కర్రకు ఆ వాలు రావాలంటే దాదాపు అంగుళం పొడవున మెల్లగా సన్నబడాలి. నేను లావు పెన్సిళ్ల షార్ప్‌నర్‌తో చెక్కేశాను. దాని వాలు రెట్టింపుకు పైనే, 11-12 డిగ్రీలు. అది వెనక వైపు నారికి తగిలించే ప్లాస్టిక్ నాక్ అతికించడానికి బాగుంటుంది గానీ ములికికి కాదు. ములికి మూతి దగ్గర మాత్రమే కర్ర తగిలి, లోపలంతా ఖాళీ. ఆ ఖాళీని జిగురుతో నింపి గట్టిదనుకున్నాను.

పరీక్ష సులువు. చెక్కిన కొనకు రంగు సుద్ద రుద్ది, ములికి తొడిగి ఒక చుట్టు తిప్పి తీయండి. సుద్ద ఎక్కడ చెరిగితే అక్కడే తగులుతున్నట్టు. ములికి మూతి తగిలే చోట ఒక్క ఉంగరంలా చెరిగితే వాలు మరీ ఎక్కువ. చివర చుక్కలా చెరిగితే వాలు చాలలేదు, లేదా కొన అడుగుకు తన్నుకుంటోంది. పొడవునా చెరిగిందంటే కుదిరినట్టే. కర్రను డ్రిల్లింగ్ మెషీన్‌కు బిగించి తిప్పుతూ, చదునైన బద్దకు సాండ్‌పేపర్ అంటించి ఆనిస్తే వాలు సరిచేయొచ్చు. నాకు మొదటి బాణానికి ఏడుసార్లు సుద్ద పట్టింది. చివరగా ఆ సుద్ద తుడిచేశాకే జిగురు.

నొక్కిన ములికి మళ్లీ పైకి లేస్తోంది

లోపల గాలి చిక్కుకుంది. వాలు మీద పొడవునా బ్లేడుతో సన్నటి గీత గీస్తే గాలికి దారి దొరుకుతుంది. వేడి జిగురు (కరిగించి రాసేది) వాడితే ఇంకో కారణం కూడా ఉండొచ్చు: ములికి చల్లగా ఉంటే జిగురు సగంలోనే గడ్డకడుతుంది. వేడి చేయాల్సింది ములికిని. కర్రను మంటలో పెడితే మాడి పెళుసవుతుంది. పట్టకారుతో ములికిని పట్టుకుని వేడి చేసి, జిగురు రాసిన కర్రను దాంట్లోకి తిప్పుతూ దించి, చల్లారేదాకా చెక్క మీద ఆనించి నొక్కి పట్టుకోండి.

వానాకాలంలో బాగుండి ఎండాకాలంలో కదులుతోంది

మన నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమలో ఉబ్బిన కర్రను చెక్కితే, మే నెల ఎండలకు అది సన్నబడి వదులవుతుంది. చెక్కే ముందు కర్రలను కొన్ని వారాలు ఇంట్లో నీడన ఆరనివ్వండి. వేడి జిగురుకైతే ఇంకో గండం, ఎండలో ఆపిన కారు. డిక్కీలో వదిలేసిన బాణాల జిగురు మెత్తబడుతుంది. నేను ఎండాకాలం బాణాలకు అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురే వాడతాను. రాత్రంతా ఆరాలి, ఓపిక కావాలి.

బాణం తోక ఊపుతూ పోతోంది

ఇది ములికి ఒక్కదాని తప్పే కాకపోవచ్చు. ఈకలు, కర్ర గట్టిదనం కూడా చూడాలి. ములికి సంగతి తేలాలంటే మొనను అద్దం మీద నిలబెట్టి బొంగరంలా తిప్పండి. వణికితే ముందు కర్ర వంకరేమో చూడండి. కర్ర తిన్నగా ఉండి మొన మాత్రం సున్నా చుడుతుంటే ములికి పక్కకు కూర్చుంది. వేడి జిగురైతే మళ్లీ వేడి చేసి, కాస్త తిప్పి కూర్చోబెట్టండి.

ములికి వెనకే విరుగుతోంది

ములికి మూతికి సరిపోవాలని కర్ర చుట్టూ కత్తితో మెట్టులా గాటు పెడతారు. విరిగేది అక్కడే. ఆ మెట్టును సాండ్‌పేపర్‌తో పల్లంగా దించండి. చెక్క పోగులు పొడవునా కాకుండా పక్కకు జారిపోయే కర్రను అసలు వాడొద్దు. గట్టి నేల మీద వేసేవాళ్లు ములికి వెనక అంగుళం మేర వల అల్లే నైలాన్ దారం ఒత్తుగా చుట్టి, జిగురు తాగిస్తే మంచిది. ప్రతిసారీ వేసే ముందు కర్రను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచి వినండి. చిటుక్కుమంటే దాన్ని పొయ్యిలో పెట్టండి. పగుళ్లున్న కర్ర నారి వదిలేటప్పుడు విరిగితే ముక్క దిగేది విల్లు పట్టుకున్న చేతిలోకే.

లాగేటప్పుడు గోతానికి తగులుకుంటోంది

ములికి కర్రకన్నా లావు. 11/32 అంగుళాల ములికి అంటే దాదాపు 8.7 మిల్లీమీటర్లు. దాన్ని 8 మిల్లీమీటర్ల కర్రకు తొడిగితే అంచు గాలంలా పట్టుకుంటుంది. 5/16 అంగుళాల సైజు (దాదాపు 8 మిల్లీమీటర్లు) అడగండి.

విరిగిన ముక్క ములికిలోనే ఉండిపోయింది

ములికిని పారేయొద్దు. ముక్క మధ్యలో చిన్న చెక్క స్క్రూ బిగించి, ఆరుబయట మంట మీద ములికిని వేడి చేయండి. జిగురు మెత్తబడగానే స్క్రూను ఒక పట్టకారుతో, ములికిని ఇంకోదాంతో పట్టుకుని లాగితే సీసా బిరడాలా వస్తుంది. పొగ పీల్చకండి. చల్లారాక లోపల గీకి, థిన్నర్‌తో తుడిచి డబ్బాలో వేసుకోండి. నా దగ్గర ఇలా ఆరో కర్రకు ఎక్కిన ములికి ఒకటుంది, మొన కాస్త మొండిబారిందంతే.