క్లోమం సర్జరీలో పరిశోధన చేయాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ల్యాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు పంపి చేసే క్లోమం ఆపరేషన్ల మీద రీసెర్చ్ చేస్తామని వచ్చే యువ సర్జన్లు ముందు నాకు వీడియోలు చూపిస్తారు. కుట్లు చూడముచ్చటగా ఉంటాయి. నేను మాత్రం ఒకటే అడుగుతాను: ఈ పేషెంటుకి ఆపరేషన్ తర్వాత మూడో రోజు డ్రెయిన్‌లో (లోపలి ద్రవం బయటికి వచ్చేలా పెట్టే గొట్టం) అమైలేజ్ (క్లోమరసంలో ఉండే ఎంజైమ్) ఎంత వచ్చింది? చాలామంది అప్పుడు కేస్ షీట్ కోసం వెతుకుతారు. మీ పరిశోధన ఆ కేస్ షీట్ దగ్గరే మొదలవ్వాలి.

ఎందుకంటే ఈ ఆపరేషన్‌లో మనిషిని కుంగదీసేది పొట్ట మీద కోత కంటే ఎక్కువగా లోపల క్లోమాన్ని కుట్టిన చోట కారే క్లోమరసం. ఆ రసం పక్కనున్న రక్తనాళం గోడను తినేస్తే, అంతా బాగుందనుకున్న పేషెంటుకి ఉన్నట్టుండి రక్తస్రావం మొదలవుతుంది. ఇలా రసం కారడాన్నే ఫిస్టులా అంటారు. అయినా ఒకప్పుడు ఒక్కో ఆసుపత్రి ఒక్కోదాన్ని ఫిస్టులా అనేది. 2005లో అంతర్జాతీయ బృందం ఒకటి కూర్చుని ఉమ్మడి నిర్వచనం పెట్టింది, 2016లో దాన్ని సవరించింది. మూడో రోజున గానీ ఆ తర్వాత గానీ డ్రెయిన్ ద్రవంలో అమైలేజ్, రక్తపరీక్షలో నార్మల్ అనుకునే గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు దాటి, పేషెంటు కోలుకోవడంలో ఏ తేడా లేకపోతే అది బయోకెమికల్ లీక్ మాత్రమే. దానివల్ల చికిత్స మార్చాల్సి వస్తే గ్రేడ్ బి. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చినా, అవయవాలు దెబ్బతిన్నా, ప్రాణం పోయినా గ్రేడ్ సి. ఈ నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు వాడండి. సొంత నిర్వచనంతో రాసిన పేపర్‌ని వేరేవాళ్ల ఫలితాలతో పోల్చడం కుదరదు.

ఇక కేసుల వివరాలు రాసే రిజిస్టర్. మొదటి కేసుకి ముందే తెరవండి, పాత ఫైళ్లు తవ్వి తర్వాత నింపుదామనుకోవద్దు. ఫిస్టులా ముప్పును అంచనా వేయడానికి 2013లో వచ్చిన స్కోరు నాలుగు విషయాలు అడుగుతుంది: గ్రంథి మెత్తగా ఉందా గట్టిగా ఉందా, క్లోమం నాళం వెడల్పు ఎంత, జబ్బు ఏమిటి, ఎంత రక్తం పోయింది. ఇందులో మెత్తదనం దగ్గరే పేచీ. పొట్ట తెరిచి చేసేటప్పుడు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తాం. ల్యాపరోస్కోపీలో ఆ స్పర్శ ఉండదు. పరికరంతో నొక్కితే ఎంత లోపలికి పోతోంది, దారం బిగిస్తే కణజాలం తెగుతోందా అని కంటితో చూసి చెప్పాలి. అంటే పొట్ట తెరిచి చేసిన ‘ఓపెన్’ గ్రూపులోనూ, ల్యాపరోస్కోపీ గ్రూపులోనూ ‘మెత్తగా ఉంది’ అన్న మాట రెండు వేర్వేరు పరీక్షల్లోంచి వచ్చింది. అందుకే ఎవరు చూశారు, ఎలా చూశారు అన్నదానికి నేను వేరే కాలమ్ పెట్టిస్తాను. నాళం వెడల్పు కూడా సీటీలో కొలిచి మిల్లీమీటర్లలో రాయిస్తాను, ‘సన్నం’ అంటే ఒప్పుకోను.

ల్యాపరోస్కోపీతో మొదలుపెట్టి మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చిన కేసును ఓపెన్ గ్రూపులోకి నెట్టకండి. అది ల్యాపరోస్కోపీ గ్రూపులోనే ఉండాలి. మరణాల లెక్క 30 రోజులకు ఆపేయకుండా 90 రోజుల దాకా తీసుకోండి. ఇంటికి వెళ్లినవాళ్లు వేరే ఆసుపత్రిలో చేరి ఉండొచ్చు, కాబట్టి ఫోన్ చేసి కనుక్కునే మనిషిని ముందే పెట్టుకోండి. ఈ పనికి పేరు రాదు, అయినా నా దృష్టిలో రీసెర్చ్‌లో సగం ఇదే.

ప్రశ్న ఎంచుకోవడం దీనికంటే కష్టం. ‘ల్యాపరోస్కోపీ మంచిదా?’ అన్నది ప్రశ్న కాదు. ఏ ఆపరేషన్‌కి, ఎవరి చేతిలో, ఏ ఫలితం కోసం అన్నవి తేలాలి. క్లోమం తోక వైపు భాగం తీసే ఆపరేషన్‌లో డచ్ బృందం చేసిన లెపర్డ్ ట్రయల్ (పేషెంట్లను చీటీ తీసినట్టు రెండు గ్రూపులుగా విడదీసి పోల్చే అధ్యయనం) 2019లో వచ్చింది. చిన్న కోతలతో చేస్తే తిరిగి మామూలుగా కోలుకోవడానికి పట్టే సమయం 6 రోజుల నుంచి 4 రోజులకు తగ్గింది. తల వైపు భాగం తీసే విపుల్ ఆపరేషన్ మీద అదే ఏడాది వచ్చిన లెపర్డ్-2ని మధ్యలోనే ఆపేశారు. 90 రోజుల్లో కాంప్లికేషన్ల వల్ల ల్యాపరోస్కోపీ గ్రూపులో 50 మందిలో 5 గురు, ఓపెన్ గ్రూపులో 49 మందిలో ఒకరు చనిపోయారు. ప్రత్యేకంగా ట్రైనింగ్ తీసుకున్న సర్జన్లు చేసినా ఇలా వచ్చింది. ఆపేయడమే కాదు, ఫలితాన్ని అంతా చదివేలా ప్రచురించారు కూడా. ఆ బృందం మీద నాకు గౌరవం పెరిగింది ఆ పేపర్‌తోనే. తర్వాత 2021లో చైనా నుంచి 656 మందితో పెద్ద ట్రయల్ వచ్చింది. అందులో కనీసం 104 ల్యాపరోస్కోపిక్ విపుల్స్ చేసిన సర్జన్లనే తీసుకున్నారు. మరణాల్లో తేడా లేదు, ఆసుపత్రిలో ఉండే సమయం మాత్రం ఒక రోజు తగ్గింది. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివితే మీ ప్రొటోకాల్‌లో (అధ్యయనం ఎలా చేస్తారో ముందే రాసుకునే పత్రం) సర్జన్ అనుభవం గురించి ఏం రాయాలో మీకే తెలుస్తుంది.

నాకు బాగా నచ్చే ప్రశ్నలు మన చేతికి పని తగ్గించేవి. కుళ్లిన క్లోమాన్ని ఒకేసారి పొట్ట తెరిచి శుభ్రం చేయాలా, ముందు డ్రెయిన్ వేసి చూడాలా అని పాంటర్ ట్రయల్ అడిగింది. 2010లో జవాబు వచ్చింది: పెద్ద కాంప్లికేషన్లూ మరణాలూ కలిపి 69 శాతం నుంచి 40 శాతానికి తగ్గాయి. డ్రెయిన్‌తో మొదలుపెట్టినవాళ్లలో 35 శాతం మందికి ఆ డ్రెయినే సరిపోయింది. 2021లో పాయింటర్ ట్రయల్ ఇంకో అడుగు ముందుకేసి, ఆ డ్రెయిన్ కూడా వెంటనే వేయాలా అని అడిగింది. వాయిదా వేసిన గ్రూపులో 39 శాతం మంది యాంటీబయాటిక్స్‌తోనే గట్టెక్కారు. ఇలాంటి ప్రశ్నలు వార్డులో రౌండ్స్ చేసేవాడికే తడతాయి.

మిగతా క్రమం మామూలే. ముందు మీ సొంత కేసుల ఆడిట్, తర్వాత నాలుగైదు ఆసుపత్రులతో కలిసి చేసే అధ్యయనం, ఆ తర్వాతే ట్రయల్. స్టాటిస్టిషియన్ దగ్గరకు డేటా పట్టుకుని వెళ్లకండి, ప్రొటోకాల్ చిత్తుప్రతితో వెళ్లండి. మొదటి పేషెంటుని చేర్చుకోకముందే ట్రయల్‌ని ట్రయల్ రిజిస్ట్రీలో నమోదు చేయించండి, లేదంటే మంచి జర్నల్ ఏదీ తీసుకోదు. ఎప్పుడు ఆపాలో ముందే రాసిపెట్టి, ఆ నిర్ణయం మీ చేతిలో లేకుండా వేరే కమిటీకి అప్పగించండి. ఒప్పుకోలు సంతకం తీసుకునేటప్పుడు ఈ పద్ధతిలో మీరు ఇప్పటిదాకా ఎన్ని ఆపరేషన్లు చేశారో, వాళ్లలో ఎంతమందికి ఫిస్టులా వచ్చిందో పేషెంటుకి చెప్పండి. రిజిస్టర్ సరిగ్గా నింపి ఉంటే ఆ అంకెలు మీ దగ్గర సిద్ధంగా ఉంటాయి.