చలికాలంలో కుక్క నీళ్లు తాగడం తగ్గిస్తే

బెంగళూరులో చలి మొదలవగానే కొన్ని కుక్కలు నీళ్ల గిన్నె వైపు చూడటమే తగ్గిస్తాయి. డ్రై ఫుడ్ మీద బతికే కుక్కయితే ఇది పట్టించుకోవాల్సిన విషయమే.

అలాస్కాలో మంచు మీద బండి లాగే స్లెడ్జ్ కుక్కల్ని పెంచేవాళ్లకి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అక్కడ గిన్నెలో నీళ్లు గడ్డకడతాయి. మంచు తిన్నా దాన్ని కరిగించడానికే ఒంట్లో వేడి ఖర్చవుతుంది. అందుకని గోరువెచ్చని నీళ్లలో కాస్త మాంసమో చేపో కలిపి పెడతారు. ఆ వాసనకి, అడుగున ఉన్న ముక్కల కోసం, కుక్క గిన్నె ఖాళీ చేస్తుంది.

మనకి చికెన్ ఉడికించిన నీళ్లు చాలు. గిన్నెడు గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు చెంచాలు కలపండి. ఉప్పు వెయ్యొద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి కుక్కల ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. అంటే మనం తినే కూరలో పులుసు పనికిరాదు, "కొంచెమేగా" అని ఇంట్లో పెద్దవాళ్లు ఎంత ముచ్చటపడ్డా సరే. తాగకుండా వదిలేస్తే పారబోసి గిన్నె కడిగెయ్యండి, లేకపోతే చీమల జాతరే. మామూలు నీళ్లు ఎప్పుడూ పక్కనే ఉండాలి.

అప్పుడప్పుడూ పెదవి ఎత్తి చిగురు తాకి చూడండి. తడిగా, జారుడుగా ఉంటే ఫర్వాలేదు. వేలికి జిగటగా అంటుకుని, కుక్క నీరసంగా కూడా ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కిడ్నీ సమస్య ఉన్న కుక్కకి మాత్రం ముందే డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి.