చెరువు కోసం ఏమన్నా చేద్దామనుకుంటున్నారా? ముందు పైకి నడవండి

ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు, "అన్నా, మన చెరువు దగ్గర ఒక ఆదివారం క్లీనింగ్ పెడదాం, టీషర్టులు కూడా కొట్టిద్దాం" అని. నేనూ అలాగే మొదలుపెట్టాను. నలభై మందిమి వెళ్లి కట్ట పొడుగునా ప్లాస్టిక్ ఏరి, అరవై సంచులు నింపి, ఫొటోలు దిగి ఇంటికొచ్చాం. జూన్‌లో రెండు గట్టి వానలు పడేసరికి అంతకు రెట్టింపు చెత్త వచ్చి అదే కట్ట కింద తేలింది. మా అవస్థ చూసి ఒక పెద్దాయన, ఒకప్పుడు ఆ చెరువుకి నీరటిగా చేసిన మనిషి, నవ్వుకుంటూ అడిగాడు: "బిడ్డా, నీళ్లు యాడికెళ్లి వస్తున్నయో ఎప్పుడన్న చూసినవా?"

చూడలేదు. నలభై మందిలో ఒక్కరం కూడా చూడలేదు.

నీరటి అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, తూము తీసి ఏ మడికి ఎన్ని నీళ్లు పోవాలో చూసే మనిషి. రాయలసీమలో నీరుగంటి అంటారు. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఇంకా ఉంటే మీ అదృష్టం. వాళ్లను వెతికి పట్టుకుని, ఒక పూట కూర్చోబెట్టి టీ తాగించి, చెరువుకు ఎన్ని వైపుల నుంచి నీళ్లొచ్చేవో, మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) చివరిసారి ఎప్పుడు దుంకిందో, ఎండాకాలంలో కూడా తడి ఆరని చోటు ఎక్కడో అడిగి రాసుకోండి. మీ పని ఇక్కడ మొదలవుతుంది, చీపురు తర్వాత.

మొదటి నెల: నడక

మన చెరువులు విడివిడిగా ఉండవు. కాకతీయుల కాలం నుంచీ తెలంగాణలో కట్టినవి ఎక్కువగా గొలుసుకట్టు చెరువులు, పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగులోనో ఒర్రె అనే పిల్లవాగులోనో పడి కింది చెరువుకి చేరతాయి. కాబట్టి మీ చెరువులో తేలే సీసా మీ ఊరిది కాకపోవచ్చు. పైన ఎక్కడో దారి మూసుకుపోతే మీ చెరువు ఎండుతుంది, లేదా నీళ్లు ఇంకో దారి వెతుక్కుని కాలనీల్లోకి పోతాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ దక్షిణాన గుర్రం చెరువు, అప్ప చెరువు కట్టలు తెగినప్పుడు కింద ఉన్న కాలనీలకు ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

నడకకి ముగ్గురు నలుగురు చాలు, గుంపుగా వెళితే ఏదో సర్వే జరుగుతోందని జనం కంగారు పడతారు. వెళ్లేముందు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో గూగుల్ ఎర్త్ తెరిచి మీ చెరువు పాత చిత్రాలు ఏడాదికొకటి చొప్పున చూడండి. పదిహేనేళ్ల కింద ఒర్రె ఎక్కడ ఉండేదో, దాని మీద లేఅవుట్ ఎప్పుడు లేచిందో కళ్లకు కడుతుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాటిలో వాగుల్ని చూపించే నీలం గీతలు చూడండి. ఊరి నక్ష (రెవెన్యూ మ్యాపు) ఎవరిదగ్గరన్నా ఉంటే ఇంకా మంచిది.

తర్వాత చెరువు దగ్గర మొదలుపెట్టి, నీళ్లు వచ్చిన దారినే ఎదురు నడవండి. వాన వెలిసిన మర్నాడు వెళితే నీళ్లే దారి చూపిస్తాయి (వాన పడుతుండగా మాత్రం వాగులోకి దిగొద్దు, మోకాలి లోతు ప్రవాహం కూడా మనిషిని పడేస్తుంది). ప్రతి మోరీ (రోడ్డు కింద నుంచి నీళ్లు పోయే కల్వర్టు) దగ్గర ఆగండి. మూసుకుపోయిందా? మురుగు పైపు ఎక్కడ వచ్చి కలుస్తోంది? కోళ్ల వ్యర్థాలు, కూల్చిన ఇళ్ల మట్టి ఎక్కడ పోస్తున్నారు? ఫొటో, తేదీ, లొకేషన్, అంతే. వ్యాఖ్యానాలు వద్దు.

మేము మూడు నడకల్లో కనుక్కున్నది చెప్తే మీరు నవ్వుతారు. మా చెరువు చెత్తలో సగానికి పైగా ఒక్కచోటు నుంచే వస్తోంది: వారానికోసారి జరిగే అంగడి. రాత్రి అంగడి ముగిశాక మిగిలిన కవర్లన్నీ పక్కనున్న కాలువలోకి ఊడ్చేస్తున్నారు. అంగడి రోజు సాయంత్రం ఒక ట్రాక్టర్ పెట్టించడానికి, మోరీ నోటి దగ్గర ఇనుప జాలీ వేయించడానికి మాకు నాలుగు నెలలు పట్టింది, కానీ ఆ తర్వాత కట్ట మీద ఏరాల్సిన చెత్త బాగా తగ్గింది. జాలీ వేస్తే ఒక బాధ్యత కూడా మీద పడుతుంది, ప్రతి వానకు ముందూ తర్వాతా దాన్ని శుభ్రం చేయాలి, లేకపోతే అదే మోరీకి బిరడా అయి వీధి మునుగుతుంది. ఒకసారి మేం మర్చిపోయాం. పక్కింటివాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

చెరువు ఎవరిది అనే తలనొప్పి

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకి వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాసుంది. మంచి చెరువుకి ఏమేం ఉండాలో, ఏయే దోషాలు ఉండకూడదో కూడా జాబితా ఇచ్చారు. ఆ దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. నేను మొదటిసారి చదివినప్పుడు మా చెరువు గురించే రాశారనుకున్నాను, ఎందుకంటే మాది సగం మున్సిపాలిటీలో, సగం పంచాయతీలో ఉంది.

దానికి తోడు తూము, కట్ట ఇరిగేషన్ వాళ్లవి, శిఖం (చెరువు లోపలి) భూమి లెక్కలు తహసీల్దార్ ఆఫీసువి, చేపలు మత్స్య సహకార సంఘానివి, మురుగు మున్సిపాలిటీది. ఎవరి దగ్గరికెళ్లినా మాది కాదంటారు, వాళ్ల మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. అందుకని ఒక్కో సమస్యకి ఒక్కో కాగితం రాయండి. అన్నీ కలిపి రెండు పేజీల అర్జీ పెడితే అది ఏ టేబుల్ మీదా ఆగదు, ఏ టేబుల్ మీదా కదలదు. "ఫలానా మోరీ మూసుకుపోయింది, ఇదిగో ఫొటో, ఇదిగో లొకేషన్" అని నాలుగు లైన్లు రాసి, పదిమంది సంతకాలు పెట్టి, రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి, ఫీజు జిల్లా స్థాయి ఆఫీసుకైతే 10 రూపాయలు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అనే మాట మీరు రోజూ వింటారు, చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు అది. 2012 బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా ఖాళీ జాగా, వదలాలి. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో ఉన్నవాళ్లు తమ చెరువు మ్యాపు ఆన్‌లైన్‌లోనే చూసుకోవచ్చు. ఇక కబ్జాల సంగతి: వాలంటీర్లుగా మీరు వెళ్లి ఎవరితోనూ గొడవ పడకండి. తేదీలతో ఫొటోలు, కాగితాలు, రసీదులు, ఇవే మీ చేతిలో ఉండాల్సినవి. ఒక్కరి పేరు మీద కాకుండా గుంపు పేరు మీద రాయండి. ఇది పిరికితనం అనుకునేవాళ్లు అనుకోనివ్వండి.

ఇప్పుడు చేతిపని

నీళ్ల మీద పరుచుకునే గుర్రపు డెక్క మొక్క చూడగానే పీకేయాలనిపిస్తుంది. పీకండి, కానీ రెండు విషయాలు తెలుసుకుని పీకండి. అనుకూలిస్తే అది రెండు వారాల్లో రెట్టింపవుతుంది, దాని గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి, మురుగు నీళ్లు వచ్చినంత కాలం దానికి తిండి అందుతూనే ఉంటుంది. మురుగు ఆపకుండా డెక్క పీకడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. పీకింది కట్ట అంచునే పోస్తే మొదటి వానకే తిరిగి నీళ్లలో చేరుతుంది, దూరంగా తీసుకెళ్లి ఎండబెట్టాలి. మాకు తెప్పల మీద వెళ్లి లాగడం నేర్పింది చేపలు పట్టేవాళ్లే. వాళ్లను అడక్కుండా నీళ్లలో ఏ పనీ పెట్టుకోకండి, వలలు ఎక్కడున్నాయో, చేపపిల్లలు ఎప్పుడు వదిలారో వాళ్లకే తెలుసు, ఆ చెరువు మీద బతికేది వాళ్లే.

కట్ట మీద మొక్కలు నాటే సరదా అందరికీ ఉంటుంది, మాకూ ఉండేది. మర్రి, రావి లాంటి పెద్ద వేర్ల చెట్లు కట్ట మీద పెట్టొద్దు. వేర్లు కట్టలోకి దూరి, అవి ఎండినచోట నీళ్లు ఊరతాయి. గరిక ఉంటే చాలు, మట్టి కోసుకుపోకుండా పట్టుకుంటుంది. ఇంకేమన్నా నాటాలంటే ఇరిగేషన్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ని) అడిగి, ఆయన చూపించిన చోట నాటండి.

పూడిక మట్టి రైతులకు బంగారం, ఏప్రిల్, మేలో తోలుకుంటారు. మీరు చూడాల్సింది ఒక్కటే, అనుమతి ఉందా, కట్ట పక్కనే లోతుగా తవ్వుతున్నారా అని. మట్టి కోసం తీసిన గుంతలు నీళ్లు నిండాక పైకి కనపడవు, పిల్లలు మునిగేది వాటిలోనే. ఆ గుంతల గుర్తులు మీ నోట్‌బుక్‌లో ఉండాలి, గట్టున ఒక బోర్డు కూడా ఉండాలి.

పిల్లలతో

బడికెళ్లి పర్యావరణం మీద ఉపన్యాసం ఇవ్వకండి, దయచేసి. వాళ్లు రోజూ వింటున్నదే. బడి డాబా కొలవమనండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. అంటే 200 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 లీటర్లు. ఈ లెక్క తేలగానే "సార్, మరి ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నయ్?" అని వాళ్లే అడుగుతారు. అప్పుడు బయటికి తీసుకెళ్లి చూపించండి. మూతి కోసిన బాటిల్‌ని తిరగేసి గరాటులా పెట్టి వాన కొలిచే పరికరం చేయించొచ్చు. బాటిల్ ఒంపు లేకుండా నిటారుగా ఉండాలి, అడుగున గుంటలుంటే గులకరాళ్లు వేసి, వాటిపైదాకా నీళ్లు పోసి, సున్నా అక్కడ గీయాలి.

నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడటానికి 20 సెంటీమీటర్ల గుండ్రటి పళ్లానికి నాలుగు భాగాలుగా నలుపూ తెలుపూ రంగులేసి, కింద బరువు కట్టి, తాడుతో దించితే సరి. ఎంత లోతులో కనపడకుండా పోయిందో నెలనెలా రాయాలి. ఇది పెద్దవాళ్లు తెప్ప మీద నుంచి చేయాలి, పిల్లలు గట్టున ఉండి లెక్క రాయాలి. పిల్లల్ని నీళ్లలోకి దించే ప్రసక్తే లేదు. చేపలు ఎక్కువగా తెల్లవారుజామునే ఎందుకు తేలి చస్తాయో కూడా చెప్పండి: నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా తనే పీల్చుకుంటుంది, తెల్లారేసరికి నీళ్లలో మిగిలేది తక్కువ. ఇది విన్న ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఇంటికెళ్లి వాళ్ల నాన్నతో వాదించిందట, ఎవరో విషం కలిపారన్నాడని.

జనవరిలో పక్షుల్ని లెక్కపెట్టడం పెట్టుకోండి, ఆసియా అంతటా నీటి పక్షుల గణన జరిగే నెల అది. బుడుబుంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికోళ్లతో మొదలుపెడితే చాలు.

పాట, బొమ్మ, కథ

ఇది చివర్లో రాస్తున్నాను గానీ, మా గుంపు నిలబడింది దీనివల్లే. క్లీనింగ్‌కి నలభై మంది వస్తే గొప్ప. బతుకమ్మకి ఊరు ఊరంతా చెరువుకే వస్తుంది, ఎవరూ పిలవక్కర్లేదు. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాటి ఎంగిలిపూల బతుకమ్మకి రెండు వారాల ముందు పని పెట్టుకోండి, మెట్లు బాగు చేయడం, గాజుపెంకులు ఏరడం, లైట్లు పెట్టించడం. అప్పుడు అది "వాలంటీర్ల ప్రోగ్రాం" అనిపించుకోదు, మన పండగ పని అవుతుంది. తంగేడు, గునుగు పూలు ఎక్కడ దొరుకుతున్నాయో పిల్లలతో ఆడవాళ్లను అడిగించండి. "ఇదివరకు చెరువు పక్క చెలకల్లోనే కోసుకునేవాళ్లం, ఇప్పుడు కొనుక్కుంటున్నం" అనే మాటలోనే ఊరి భూమి చరిత్ర ఉంది. గునుగుకి రసాయనాల రంగులు, బతుకమ్మలో థర్మోకోలు వద్దని చెప్పాల్సింది మీరు కాదు, వాళ్లలోనే ఒక పెద్దావిడ. మేం చెప్పినప్పుడు ఎవరూ వినలేదు, ఆవిడ ఒక్కసారి అనగానే అయిపోయింది.

మట్టి వినాయకుడి సంగతీ అంతే, కాకపోతే ఆగస్టులో చెప్తే లాభం లేదు. మేలో చెరువు మట్టి తోలేటప్పుడే కుమ్మరివాళ్లతో మాట్లాడి అడ్వాన్స్ ఇవ్వాలి.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ పటాలు చూశారా? ఎర్రటి నేపథ్యం మీద కథంతా వరసగా బొమ్మల్లో సాగుతుంది, కథకుడు పటం విప్పుతూ చెబుతాడు. మేం అలాగే పొడుగాటి గుడ్డ మీద మా చెరువు కథ గీయించాం, పైన గుట్ట, తర్వాత ఒర్రె, అంగడి, మోరీ, చెరువు, కట్ట మీది దేవత కట్టమైసమ్మ, తూము, కింద వరి మళ్లు. అంగడి బొమ్మలో కవర్లు ఊడ్చేస్తున్న మనిషిని ఎవరో పిల్లాడు కాస్త గుర్తుపట్టేలా గీశాడు, దాని మీద చిన్న పంచాయితీ కూడా అయింది. ఆ పటం పట్టుకుని పిల్లలు కథ చెప్తే కౌన్సిలర్ నిలబడి చివరిదాకా విన్నాడు, మా అర్జీలు చదవని మనిషి.

ఒగ్గుకథ చెప్పేవాళ్లనో చిందు యక్షగానం ఆడేవాళ్లనో పిలిస్తే డబ్బులివ్వండి. వాళ్లకది వృత్తి. సౌండ్ సిస్టమ్‌కి అద్దె కట్టి, కళాకారుడికి శాలువా కప్పి పంపించడం మన దగ్గర అలవాటైపోయింది. కథలో ఏముండాలో కూడా వాళ్లకి మీరు రాసివ్వకండి. నీరటితో, చేపలవాళ్లతో ఒక పూట కూర్చోబెడితే వాళ్లే అల్లుకుంటారు.

డబ్బు, గుంపు

వాట్సాప్ గ్రూపులో రాజకీయాలు, గుడ్ మార్నింగ్‌లు మొదటిరోజే వద్దనండి. ఖర్చు లెక్క నెలనెలా అందులోనే పెట్టండి, యాభై రూపాయల బ్లేడ్ అయినా సరే. ఎలక్షన్ల ముందు వచ్చే స్పాన్సర్ల టీషర్టులు తీసుకోకండి, తీసుకున్న ఏడాది మా గుంపులో సగం మంది మానేశారు. గ్లౌజులు, గట్టి చెప్పులు తప్పనిసరి. గాజుపెంకు గుచ్చుకుంటే అదే రోజు టీటీ ఇంజెక్షన్.

ఒక లావుపాటి నోట్‌బుక్ కొనండి, ఫోన్ కాదు. తేదీ, వాన ఎంత, మత్తడి దుంకిందా, పళ్లెం ఎంత లోతులో మాయమైంది, ఏ మోరీ మూసుకుంది, ఏ ఆఫీసుకి ఏ కాగితం ఇచ్చాం, ఎవరు రసీదు రాశారు. మాది ఇప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది, కట్ట దగ్గరి టీకొట్టులో ఉంటుంది, ఎవరైనా రాయొచ్చు. మొన్న చూస్తే పెద్దాయన చేతిరాతలో ఒక లైనుంది: "పై చెరువు తూము లీకు. పోయి చూడుర్రి."