లైట్లన్నీ ఒకేసారి వెలిగాయా? కంప్యూటర్ మార్చకండి, ముందు ఎర్త్ చూడండి

లక్షణం

సెల్ఫ్ కొట్టగానే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, పవర్ స్టీరింగ్, చెక్ ఇంజిన్ లైట్లు గుంపుగా వెలుగుతాయి. టచ్‌స్క్రీన్ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతుంది. పార్కింగ్‌లో స్టీరింగ్ చివరిదాకా తిప్పితే హెడ్‌లైట్లు మసకబారతాయి, స్పీడోమీటర్ ముల్లు ఒక్కసారి పడి లేస్తుంది. బండి ఆపి, కాసేపాగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. స్కానర్ పెడితే యూ0100 (ఇంజిన్ కంప్యూటర్ పలకడం లేదు), యూ0121 (ఏబీఎస్ పలకడం లేదు), యూ0131 (పవర్ స్టీరింగ్ పలకడం లేదు) అని వరుసగా వస్తాయి. వాటితోపాటు పీ0562 కూడా ఉంటే, అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువ అని ఉంటే, సగం సమాధానం అక్కడే దొరికినట్టు.

ఈ కోడ్లు చూడగానే చాలామంది ఏబీఎస్ మాడ్యూల్ (దాని కంప్యూటర్) పోయిందనో, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) పోయిందనో తేల్చేస్తారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు కంప్యూటర్లు ఒకే పూట ఎందుకు చెడిపోతాయి? ఆ నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని వెతకండి. కరెంటు వచ్చే దారి, అది బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి (ఎర్త్), కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు తీగలు. ఇవే ఉమ్మడి. యూ కోడ్‌ను రాసేది పలకని కంప్యూటర్ కాదు, పక్కవాళ్లు. కాబట్టి కోడ్‌లో పేరున్న భాగం కరెంటు అందక ఆ క్షణం మూగబోయి ఉండొచ్చు, పాడై ఉండాల్సిన పని లేదు.

బ్యాటరీ: రెండు నిమిషాల పని, అయినా అందరూ దాటేసేది

రాత్రంతా ఆగి ఉన్న బండికి బానెట్ తెరిచి, లాక్ చేసి, పావుగంట తర్వాత మల్టీమీటర్‌తో వోల్టేజ్ చూడండి. తలుపు తీస్తేనే సగం మాడ్యూళ్లు మేల్కొని రీడింగ్ దింపేస్తాయి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0కి దిగితే పావే మిగిలినట్టు. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ 9.6 కంటే పడకూడదు. మీటర్ ముల్లు సీసపు పోస్టు మీదే పెట్టాలి, దానికి వైరును బిగించే క్లాంపు మీద కాదు. ఆ తర్వాత పోస్టుకూ క్లాంపుకూ మధ్య సెల్ఫ్ కొడుతూ చూడండి. అక్కడే 0.2 వోల్టులు కనిపిస్తే క్లాంపు విప్పి, గీకి, బిగించడంతో కథ ముగియొచ్చు.

ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.7 వరకు రావాలి. ఇప్పటి చాలా బళ్లలో ఆల్టర్నేటర్ కంప్యూటర్ చెప్పినట్టు వింటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు 13 లోపలికి దిగడం, బ్రేక్ వేసినప్పుడు 15 దాకా పోవడం వాటికి సహజం. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, కనీసం రెండు మూడు రీడింగులు తీసుకున్నాకే ఆల్టర్నేటర్‌ను తప్పుపట్టండి. మీటర్‌ను ఏసీ వోల్టులకు మార్చి బ్యాటరీ మీద పెడితే అర వోల్టు దాటిందంటే ఆల్టర్నేటర్‌లోని డయోడ్ పోయినట్టు. ఇంజిన్ తనంతట తాను ఆగి స్టార్ట్ అయ్యే బండికి ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం బ్యాటరీయే (మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే రకాలు) వేయాలి. డబ్బు మిగులుతుందని మామూలుది వేస్తే అది త్వరగా పోతుంది, పోయే ముందు ఈ లైట్లన్నీ చూపిస్తుంది.

ఎర్త్: మోసం చేసేది ఇదే

కారులో నెగటివ్ వైరు అంటే బండి బాడీయే. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక లావు వైరు బాడీకి, మరో లావు వైరో జడలా అల్లిన రాగి పట్టీయో ఇంజిన్‌కి లేదా గేర్‌బాక్స్‌కి వెళ్తుంది. సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ రెండూ ఇంజిన్‌కే బిగించి ఉంటాయి కాబట్టి వాటి కరెంటంతా ఆ పట్టీ మీదుగానే తిరిగి వస్తుంది. చిన్న పెట్రోల్ కారు సెల్ఫ్ కొట్టేటప్పుడే ఆ పట్టీలో 150 ఆంపియర్లు పారుతుంటాయి, డీజిల్‌కి ఇంకా ఎక్కువ. కంప్యూటర్ల ఎర్త్ వైర్లు మాత్రం ఐదారు చొప్పున గుత్తిగా ఒక్కో బోల్టు కింద చేరతాయి. ఈ బోల్టులు సాధారణంగా బ్యాటరీ ట్రే కింద, హెడ్‌లైట్ వెనక, డ్యాష్‌బోర్డు పక్కన కాళ్ల దగ్గర, సీటు కింద కార్పెట్ లోపల ఉంటాయి. ఒక్క బోల్టు కింద చిలుము పడితే ఆ గుత్తిలోని మాడ్యూళ్లన్నీ కలిసి కిందామీదా అవుతాయి. లైట్లన్నీ ఒకేసారి వెలగడం వెనక ఉన్న విషయం ఇదే.

చిలుము ఎలా పడుతుంది? లగ్ (వైరు చివర బోల్టుకు బిగించే కొన) రాగి, బాడీ ఉక్కు, మధ్యలో తడి, ఉప్పు. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే. ప్రమాదం జరిగి టింకరింగ్, పెయింటింగ్ అయిన బళ్లలో వేరే కారణం ఉంటుంది. రంగు వేసిన బాడీ మీదే లగ్ బిగించేస్తారు, లోహానికి లోహం తగలదు, బోల్టు మరల మీదుగానే కరెంటు పోతుంటుంది. తుప్పు పట్టకుండా కొట్టించే కోటింగ్ ఎర్త్ బోల్టు లోపలికి దిగినా అంతే. ఇక వరదనీళ్లలో మునిగిన బండి సంగతి వేరు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అలా మునిగినవి బాగుచేయించుకుని సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతుంటాయి. పైన ఆరినా, లగ్ దగ్గర పీల్చుకున్న నీరు వైరు తొడుగు లోపల రాగి పోగుల వెంట పైకి పాకుతుంది. బయటికి వైరు కొత్తగా ఉంటుంది, లోపల పోగులు నల్లబడి పొడి పొడిగా రాలతాయి.

దీన్ని ఓములు (రెసిస్టెన్స్) చూసి పట్టుకోలేరు. అనుభవమున్న చేతులు కూడా దెబ్బతినేది ఇక్కడే. ఇంజిన్ పట్టీలో 0.02 ఓము అడ్డు ఉందనుకోండి. 150 ఆంపియర్లతో గుణిస్తే 3 వోల్టులు. బ్యాటరీ దగ్గర 10.5 ఉన్నా సెల్ఫ్‌కి అందేది ఏడున్నరే. కానీ మీటర్ వైర్లకే అంతకు ఎన్నో రెట్ల అడ్డు ఉంటుంది కాబట్టి ఆ 0.02 మీకు కనపడదు. పైగా ఓములు చూసేటప్పుడు మీటర్ పంపేది మిల్లీ ఆంపియర్లే. వంద పోగుల్లో తొంభైతొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటర్ బీప్ అంటుంది, ‘వైరు బాగానే ఉంది’ అని మీరు ముందుకెళ్తారు. బీప్ విని ఎర్త్‌ను వదిలేయకండి. ఎర్త్‌ను పరీక్షించాల్సింది కరెంటు పారుతున్నప్పుడు, వోల్టుల్లో.

కంప్యూటర్ వైపు నుంచి చూస్తే, ఎర్త్ 3 వోల్టులు పైకి లేచిందంటే అది పనిచేయడానికి మిగిలింది 3 వోల్టులు తక్కువ. సెల్ఫ్ కొట్టే ఆ ఒక్క సెకను అది రీసెట్ అవుతుంది. క్యాన్ లైన్‌లో (కంప్యూటర్లు మాట్లాడుకునే ఆ రెండు తీగల్లో) అందరూ దాని మాట కోసం ఎదురుచూసి, రాకపోయేసరికి తలా ఒక యూ కోడ్ రాసిపెడతారు. క్యాన్ రెండు తీగల మధ్య తేడాను చదువుతుంది కాబట్టి ఎర్త్ ఎత్తుపల్లాలను కొంతవరకు ఓర్చుకుంటుంది. అద్దాలు, వైపర్లు, చాలా బళ్లలో ఆల్టర్నేటర్ వాడే లిన్ లైన్ ఒంటి తీగది. అది ఎర్త్‌నే ఆధారం చేసుకుని చదువుతుంది కాబట్టి దానికి ఆ ఓపిక తక్కువ.

పరీక్ష

ఇంజిన్ స్టార్ట్ కాకుండా పెట్రోల్ పంపు ఫ్యూజు తీయండి. గేర్ న్యూట్రల్‌లో లేదా పార్క్‌లో, హ్యాండ్ బ్రేక్ పైకి. మీటర్ డీసీ వోల్టుల్లో. మిన్-మ్యాక్స్ బటన్ ఉంటే తప్పక వాడండి, మామూలు మీటర్ సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది కాబట్టి క్షణకాలపు కుదుపు దానికి చిక్కదు.

1. నల్ల ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఎర్ర ముల్లు రంగు లేని ఇంజిన్ లోహం మీద. ఇంకొకరితో మూడు నాలుగు సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. 0.2 లోపు మంచిది. 0.5 దాకా అనుమానం. అది దాటితే దొంగ దొరికినట్టే.

2. ఫ్యూజు తిరిగి పెట్టి, ఇంజిన్ నడుపుతూ, హై బీమ్, ఏసీ, బ్లోయర్ ఫుల్, వెనక అద్దం హీటర్ అన్నీ వేయండి. నల్ల ముల్లు అక్కడే, ఎర్రది బాడీ లోహం మీద. స్టీరింగ్ చివరిదాకా తిప్పించండి. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఆగి ఉన్న బండిలో పదుల ఆంపియర్లు లాగుతుంది, ఇంతకంటే మంచి లోడు మీకు దొరకదు. 0.1 దాటకూడదు.

3. అదే లోడులో, అనుమానమున్న మాడ్యూల్ ఎర్త్ పిన్ను. కప్లర్ (వైర్ల ప్లగ్గు) పీకకుండా వెనక నుంచి సన్న సూదితో తాకాలి. పీకేస్తే కరెంటు ఆగిపోతుంది, పరీక్షకు అర్థమే ఉండదు. ముందు వైపు నుంచి ముల్లు దూర్చి పిన్ను వెడల్పు చేస్తే కొత్త జబ్బు మీరే పెట్టినవారవుతారు. ఇక్కడ కూడా 0.1 లోపే. ఏమీ విప్పకుండా చూడాలంటే ఓబీడీ పోర్టు (స్కానర్ పెట్టే సాకెట్) ఉంది. అందులో 4 బాడీ ఎర్త్, 5 సిగ్నల్ ఎర్త్, 16 నేరుగా బ్యాటరీ పాజిటివ్. 16కూ 4కూ మధ్య వచ్చిన అంకెను, అదే క్షణం బ్యాటరీ పోస్టుల మధ్య అంకెతో పోల్చండి. తేడా ఉంటే డ్యాష్‌బోర్డు వైపు గుత్తిని వెతకండి.

ఇంజిన్ పట్టీ మీద అనుమానం రూఢి చేసుకోవడానికి ఇంకో తేలిక మార్గం ఉంది. మంచి జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ లోహానికి తగిలించి సెల్ఫ్ కొట్టండి. లైట్లు వెలగకుండా బండి హుషారుగా స్టార్ట్ అయితే పట్టీ మార్చేయండి. అలా పాడైన పట్టీతోనే నడిపితే కరెంటు గేర్ కేబుల్ మీదుగానో, సెన్సర్ల సన్న ఎర్త్ వైర్ల మీదుగానో దారి వెతుక్కుంటుంది. గేర్ కేబుల్ తొడుగు కరిగి కనిపిస్తే మొదట ఈ పట్టీనే చూడండి.

బాగుచేయడం

10 నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ విప్పి పది నిమిషాలు ఆగండి, ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో నిలిచిన కరెంటు పోవాలి. ఎర్త్ బోల్టు విప్పండి. లగ్‌ను రెండు వైపులా, బాడీ మీద లగ్ కూర్చునే చోటును, 120 నంబరు ఎమరీతో మెరిసేదాకా గీకండి. బోల్టు మరలను వైర్ బ్రష్‌తో రుద్దండి. లగ్ పక్కన తొడుగు రెండు అంగుళాలు ఒలిచి చూడండి. పోగులు నల్లగా ఉంటే మెరిసే రాగి తగిలేదాకా కోసి, కొత్త లగ్ క్రింప్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ వేయండి. అడుగు కోసినా నలుపే కనపడితే ఆ వైరు మొత్తం మార్చాలి. కొత్త పట్టీ పాతదానికంటే సన్నగా ఉండకూడదు. పళ్లున్న వాషర్ వేసి బిగించండి. ఎం6 బోల్టుకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు, అతిగా బిగిస్తే బాడీకి వెల్డ్ చేసిన నట్టు ఊడుతుంది. వాజిలీన్ బిగించాక పైన పూయాలి, లగ్ కింద కాదు.

నెగటివ్ క్లాంపు మీద చిన్న నల్ల డబ్బా, సన్న వైరు ఉన్నాయా? అది బ్యాటరీ సెన్సర్. అదనపు ఎర్త్ వైరు వేసినా, చార్జర్ పెట్టినా బాడీ వైపే తగిలించండి. నేరుగా పోస్టుకు తగిలిస్తే ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు, బండి బ్యాటరీని తప్పుగా అంచనా వేస్తుంది.

కోడ్లు చెరిపి, అద్దాలు పూర్తిగా దించి ఎక్కించి, స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పండి. ముప్పై కిలోమీటర్లు నడిపి మళ్లీ స్కాన్ చేయండి, మళ్లీ వోల్టేజ్ డ్రాప్ (పైన పరీక్షలో చూసిన వోల్టులు) చూడండి.

మిగతావి

బయట వేయించిన స్టీరియో, డ్యాష్‌క్యామ్, యాంప్లిఫయర్: అన్నీ తీసేసి ఒకరోజు నడపండి. యాంప్లిఫయర్ ఎర్త్‌ను కంప్యూటర్ల గుత్తి బోల్టుకు కలిపి ఉంటే విడదీసి వేరే బోల్టు ఇవ్వండి. రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే, బండి లాక్ చేసిన గంట తర్వాత 50 మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు.

ఎలుకలు: కొరికిన వైరింగ్ చాలావరకు కళ్లతో చూస్తే తెలిసిపోతుంది.

క్యాన్ తీగలు: బ్యాటరీ విప్పి ఓబీడీ 6, 14 పిన్నుల మధ్య ఓములు చూడండి. 60 ఉండాలి. 120 అంటే ఎక్కడో తెగింది, సున్నాకు దగ్గరైతే రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నాయి. కొన్ని బళ్లలో ఈ పోర్టుకు, లోపలి లైన్లకు మధ్య గేట్‌వే (మధ్యవర్తి కంప్యూటర్) ఉంటుంది కాబట్టి బండి వైరింగ్ బొమ్మ పక్కన పెట్టుకోండి.

కంప్యూటరే పోవడం: ఉంటుంది, అరుదుగా. 2021లో టెస్లా పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను స్క్రీన్ కంప్యూటర్‌లోని 8 జీబీ మెమరీ చిప్ అరిగిపోతుందని అమెరికాలో వెనక్కి పిలిచింది. అక్కడ కూడా పోయింది ఒక్క స్క్రీన్ కంప్యూటరే, నాలుగు మాడ్యూళ్లు కాదు. పైవన్నీ సరిగా ఉండి, ఒకే మాడ్యూల్ తన కప్లర్ దగ్గర నిండు వోల్టేజీ, మంచి ఎర్త్ అందుతున్నా పలకకపోతే అప్పుడు మార్చండి. స్క్రాప్‌లో ఈసీఎం కొనేముందు, దాన్ని మీ బండి తాళంతో, ఇమ్మొబిలైజర్‌తో (దొంగతనాన్ని ఆపే ఏర్పాటు) జత చేయగలవాళ్లు ఉన్నారో లేదో కనుక్కోండి. చాలా బళ్లలో ఆ జత కుదరకపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు.